మిగతాది రేపు

బయటివాళ్ళకు తెలియని సంగతి ఒకటి ముందే చెప్పేస్తాను. లేకపోతే కథ అర్థం కాదు. బడిలో ఒక టీచరు సెలవు పెడితే ఆ తరగతిని ఖాళీగా వదలరు, పిల్లలు పైకప్పు ఎగరగొడతారు. ఆ గంటలో తీరిగ్గా ఉన్న ఇంకో టీచరును పంపుతారు. దాన్ని సబ్‌స్టిట్యూషన్ అంటారు. దానికో పుస్తకం ఉంటుంది. అటెండరు తెచ్చి ముందు పెడతాడు. మనం సంతకం పెట్టి, లోపల్లోపల నాలుగు తిట్టుకుని, లేచి వెళతాం.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర. స్టాఫ్ రూములో పొడవాటి బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళంతా నాకన్నా పదిహేనేళ్ళు పెద్దవాళ్ళు. పిల్లల జ్వరాలు, అత్తగార్ల సాధింపులు, మోకాళ్ళ నొప్పులు వాళ్ళ కబుర్లు. నేను వెళ్ళి కూర్చోగానే మాట ఆగేది. కోపంతో కాదు, నాతో ఏం మాట్లాడాలో తోచక. చివరికి కిటికీ పక్క ఒంటి కుర్చీ నాదైపోయింది. డబ్బా విప్పుకుని ఒక్కదాన్నే తినేదాన్ని.

క్లాసులోనూ అంతే. నా గొంతు మూడో బెంచీ దాటేది కాదు. వెనక వరసవాళ్ళు నాకు ‘దోమ’ అని పేరు పెట్టారు. చెవి దగ్గర సన్నగా మోగుతుంది, ఎవరూ లక్ష్యపెట్టరు అని. పేరు మాత్రం బాగానే కుదిరింది.

ఆ రోజు నా సంచిలో రాజీనామా కాగితం ఉంది. అన్నయ్య టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం చూశాడు. “ఎన్నాళ్ళని సుద్దముక్కలు అరగదీస్తావే? ఇక్కడ నీ మాట నలభై మంది కూడా వినరు. అక్కడ కూర్చుంటే ఊరంతా వింటుంది,” అని ఎగతాళి. సోమవారం చేరాలి. సాయంత్రం బడి వదిలేలోపు కాగితం పెద్ద మేడమ్ చేతిలో పెట్టాలి. పెట్టేద్దామనే నిశ్చయించుకున్నాను. ఈ ఒంటరి కుర్చీకి ఇదే ఆఖరు అనుకున్నాను.

మధ్యాహ్నం నుంచి మబ్బు పట్టింది. చివరి పీరియడ్‌కు కరెంటు పోయింది. స్టాఫ్ రూములో నేనొక్కదాన్నే మిగిలి, ఆఖరి కట్ట పేపర్లు దిద్దుతున్నాను. పుస్తకం వచ్చి నా ముందు ఆగింది. తల ఎత్తలేదు. అంచు పట్టుకున్న వేళ్ళు కనిపించాయి. వేళ్ళకు సుద్ద అంటుకుని ఉంది. సంతకం గిలికేశాను. ఎవరికి బదులో చదవలేదు. గది ఒక్కటే చూసుకున్నాను. మేడమీద, వరండా చివర.

మెట్లెక్కుతుంటే వాన మొదలైంది. వరండాలో ఒక్కో గది దాటుతుంటే పిల్లల గోల వెనక్కి జారిపోయింది. చివరి గది దగ్గరికి వచ్చేసరికి వాన చప్పుడు కూడా ఎక్కడో దూరంగా వినిపించింది.

లోపల మసక చీకటి. నలభై మంది ఉంటారు. నేను అడుగుపెట్టగానే అందరూ లేచి నిలబడ్డారు.

ఒక్క బెంచీ కిర్రుమనలేదు.

ఇది పాఠం చెప్పినవాళ్ళకే తెలుస్తుంది. నలభై మంది పిల్లలు చప్పుడు లేకుండా లేవడం జరిగే పని కాదు. ఇంకొకటి కూడా. వాన రోజున తరగతి గదికి ఒక వాసన ఉంటుంది. తడిసిన బట్టలు, తలనూనె, ఎవరి సంచిలోనో మగ్గిపోయిన అరటిపండు. ఆ గదిలో సుద్ద వాసన తప్ప ఏమీ లేదు. మనుషులున్న గదిలో ఉండే వెచ్చదనం కూడా లేదు. అప్పుడే గ్రహించి ఉండాల్సింది. కానీ ఏడాదిన్నరలో ఒక తరగతి నన్ను చూసి ఇంత మర్యాదగా నిలబడటం అదే మొదటిసారి. ఆ సంతోషంలో ఒళ్ళు మరిచిపోయాను.

“మీ టీచరు ఎక్కడ ఆపారు?” అన్నాను.

ముందు బెంచీలో రెండు జడల అమ్మాయి గుసగుసగా చెప్పింది. “నది దగ్గర.”

బోర్డు మీద కొండ గీశాను. కొండ మీద ఊట గీశాను. “నది ఇక్కడ పుడుతుంది,” అన్నాను.

“ఆ తర్వాత?”

వాగులు వచ్చి కలుస్తాయన్నాను. “ఆ తర్వాత?” మైదానంలోకి దిగి వెడల్పవుతుందన్నాను. “ఆ తర్వాత?” నా గొంతు వెనక గోడ దాకా వెళ్ళి తిరిగి వస్తోంది. ఎవరూ దగ్గలేదు, ఎవరూ కిటికీ వైపు చూడలేదు. కాగితం చించేద్దామా అని కూడా అనిపించింది, నిజం.

నది సముద్రం దగ్గరికి వస్తుండగా గంట కొట్టారు. సుద్దముక్క కింద పెట్టి, ఏ టీచరైనా అనేదే నేనూ అన్నాను.

“మిగతాది రేపు.”

గంట కొడితే పిల్లలు తేనెటీగల్లా లేస్తారు. వీళ్ళు లేవలేదు.

“వెళ్ళండమ్మా, ఇళ్ళకు వెళ్ళండి.”

ఎవరూ కదలలేదు... కళ్ళు కూడా. అప్పుడు ముందు బెంచీ అమ్మాయి నోటుబుక్కు మీద నా చూపు పడింది. కొండ, నది, కింద గుండ్రటి అక్షరాలు. మిగతాది రేపు. పేజీ వెనక్కి తిప్పాను. అదే బొమ్మ. మిగతాది రేపు. మళ్ళీ తిప్పాను... మళ్ళీ... కాగితం పసుపుపచ్చగా మారుతోంది. ఏ పేజీలోనూ నది సముద్రం చేరలేదు.

“రేపు,” అన్నారు అందరూ. ఒకే గొంతుతో. చాలా మెల్లగా.

మెట్లు ఎలా దిగానో తెలియదు. కింద అటెండరు తాళాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ఎక్కడికెళ్ళారమ్మా? అరగంట నుంచి వెతుకుతున్నా.”

“సబ్‌స్టిట్యూషన్ పంపింది నువ్వే కదా. చివరి గదికి.”

“ఇవాళ ఎవరూ సెలవు పెట్టలేదమ్మా. పుస్తకం బీరువా దాటలేదు.” గొంతు తగ్గించాడు. “వాళ్ళకు... ఏం చెప్పి వచ్చారు?”

“మిగతాది రేపు అన్నాను.”

“అయ్యో అమ్మా! పాఠం అయిపోయిందని చెప్పి రావాలి. అలా చెబితే ఊరుకుంటారు. అందరికీ తెలుసు కదా?”

అందరికీ తెలుసు. నాకు తప్ప. నాతో ఎవరు మాట్లాడారు గనక చెప్పడానికి?

పెద్ద మేడమ్ జరిగిందంతా విని, నా కాగితం చదివి బల్ల మీద పెట్టింది. ఏదీ దాచలేదు, అబద్ధమూ చెప్పలేదు.

“ఆ పిల్లలెవరో నాకూ తెలియదమ్మా. నేను చేరేనాటికే ఉన్నారు. నీకు ముందు ఒకావిడ నీలాగే రేపని చెప్పి, వారం తిరక్కుండా వేరే ఊళ్ళో బ్యాంకులో చేరిపోయింది. రేపన్న మనిషి బడి వదలనంత కాలం వాళ్ళకు రేపు అనేది ఉంటుంది, ఓపిగ్గా కూర్చుంటారు. వదిలితే వెంట వస్తారు.”

“ఆవిడ ఏమైంది?”

“రోజూ చివరి పీరియడ్ వేళకు గోడకు పాఠం చెప్పేదట. గొంతు పోయినా ఆపేది కాదట. ఒకరోజు ఇంట్లోవాళ్ళు వెళ్ళి చూస్తే గదిలో లేదు. తలుపు లోపల గడియ పెట్టే ఉంది.” కాగితం నా వైపు జరిపింది. “నీ ఇష్టం, తల్లీ.”

కాగితం తీసుకుని సంచిలో పెట్టుకున్నాను.

మర్నాడు ఆ వేళకు పైకి వెళ్ళాను. పాఠం పూర్తి చేసి వదిలించుకుందామని. గదిలో విరిగిన బెంచీలు, చుట్టిన పటాలు, వేలెడు దుమ్ము. “నది సముద్రంలో కలుస్తుంది. అయిపోయింది,” అని గట్టిగా చెప్పాను. వినడానికి ఎవరూ లేరు. ఆ పుస్తకం మళ్ళీ నా ముందుకు రాలేదు.

అన్నయ్య ఏడాదిపాటు మాట్లాడలేదు. “సుద్దముక్కతో తాళి కట్టించుకున్నావా?” అన్నాడు ఆఖరిసారి. పెళ్ళయింది, పిల్లలు, మనవలు వచ్చారు. ఊళ్ళు మారే అవకాశం మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ వద్దన్నాను. ఎందుకని ఎవరికీ చెప్పలేదు. చెప్పలేని మాట ఒకటి ఇంట్లో ఉంటే, ఎంతమంది మధ్య ఉన్నా మనిషి ఒంటరే. పైగా మా ఉద్యోగంలో ఒక చిత్రం ఉంది. చేరిన రోజే ఎప్పుడు రిటైరై దిగిపోవాలో తేదీ రాసి పెడతారు. ముప్పై నాలుగేళ్ళు ఆ తేదీ వైపే నడిచాను.

దిగిపోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. ఆయన పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే. పిల్లలు రమ్మంటున్నారు, వెళ్ళను. వాళ్ళ ఇళ్ళల్లో చిన్నవాళ్ళున్నారు. మధ్యాహ్నం మూడున్నరకు, ఆ చివరి పీరియడ్ వేళకు, తలుపు వేసుకుని, రేడియో గట్టిగా పెట్టుకుంటాను. ఇప్పటిదాకా ఏమీ వినిపించలేదు. అమ్మయ్య అనుకున్నాను.

ఇందాక పక్కింటి కోడలు గోడ మీంచి పలకరించింది. “పిన్నిగారూ, ట్యూషన్లు మొదలుపెట్టారా? చెప్పనే లేదే!”

“లేదమ్మా, ఎవరన్నారు?”

“మీ గుమ్మం ముందు ఆ చెప్పులన్నీ ఎవరివి మరి? ఎన్ని చిన్న చెప్పులో! ఎంత శుభ్రంగా వరసలో విడిచారో, మంచి పిల్లల్లా ఉన్నారు.” నవ్వింది. “చివర్లో ఆ పెద్ద జత మీదేగా? పాతబడిపోయాయి పిన్నిగారూ, మార్చండి.”

నా చెప్పులు నేను లోపల, మంచం కిందే విడుస్తాను.