కాల్ద్‌విక్ చలిగదిలో లవంగాల వాసన

అక్టోబరు చివర్లో సూర్యుడు వెళ్ళిపోయాక మా బడిలో నేను చెప్పే మొదటి పాఠం లెక్కలు కాదు. ఖాళీ పిస్తోలు బల్ల మీద పెట్టి, దాన్ని ఎలా తుడవాలో చూపిస్తాను. ఉత్తర ధ్రువం దగ్గరి ఈ స్వాల్‌బార్డ్ దీవుల్లో ఊరు దాటితే తెల్ల ఎలుగులే. పిల్లల్ని బయటికి తీసుకెళ్ళే టీచరు నడుముకి పిస్తోలు ఉండాల్సిందే.

"వేసవిలో నూనె మంచిదే," అంటాను. "తుప్పు పట్టనివ్వదు. చలికాలంలో అదే నూనె తేనెలా చిక్కబడుతుంది. పైన జారే స్లైడ్ సగంలో ఆగిపోతుంది. మొదటి గుండు పేలినా రెండోది రాదు. అందుకే పెట్రోలుతో కడిగి, చుక్క నూనె లేకుండా తుడిచి, చిటికెడు గ్రాఫైట్ పొడి రాయాలి. మీ పెన్సిలు ముల్లులో ఉండే నల్ల పొడే అది. వెచ్చని గదిలోకి తేకూడదు. చెమ్మ పడుతుంది, మళ్ళీ బయటికెళ్ళగానే గడ్డకడుతుంది. గుమ్మం బయటి చలిగదిలో మేకుకి తగిలించాలి."

పిల్లలకి ఇంతవరకే చెప్తాను. మిగతాది చెప్పను.

పోయిన జనవరిలో నేనూ మా తమ్ముడు ఐవిన్‌డూ కాల్ద్‌విక్ గుడిసెకి వెళ్ళాం. అది మా ఊరి ముసలాయన యాల్మర్ తాతది. తన తర్వాత అది మా బడికే చెందాలని ఆయన ముందే రాసిపెట్టాడు. వసంతంలో పిల్లల్ని అక్కడికి తేవచ్చా లేదా చూసి చెప్పే బాధ్యత నాది.

యాల్మర్‌కి నూనె పిచ్చి. తలుపు బందులు, గడియారం, కుట్టుమిషను... కిర్రుమన్న ప్రతిదానికీ నూనె వేసేవాడు. అందులో లవంగాలు నానబెట్టేవాడు, వాసన బాగుంటుందని. పిస్తోలుకీ అదే. వద్దని ఎన్నిసార్లు చెప్పానో.

"పొడిగా ఉంచితే ఇనుము ఏడుస్తుంది టీచరమ్మా," అనేవాడు నవ్వుతూ.

రెండేళ్ళ కిందట ఆ చలిగదిలోనే ఎలుగు ఆయన్ని చంపింది. పిస్తోలు చేతిలోనే ఉంది. స్లైడ్ సగంలో ఆగిపోయి ఉంది.

మేం వెళ్ళిన సాయంత్రమే తుఫాను పట్టుకుంది. రెండో రోజు పొద్దున పదకొండు గంటలు. జనవరి కాబట్టి బయట చిమ్మచీకటే. మంచు స్కూటర్లు పూడిపోయాయి. గాలి గోడల్ని ఒరుసుకుంటూ పోతోంది. లోపల పొయ్యి, దీపం, తడి ఉన్ని వాసన.

"నీ పిస్తోలు అంత పొడిగా ఉంటే అరిగిపోతుందక్కా," అన్నాడు ఐవిన్‌డ్. నార్వేలో పడవ ఇంజన్లు బాగుచేసేవాడు, ఇక్కడ వాడికిది మొదటి చలికాలం. "నా దగ్గర మంచి నూనె ఉంది. ఇవ్వనా?"

"ఇది పడవ కాదురా."

"నీకు ప్రతిదీ పాఠమే. చేతులు కట్టుకుని కూర్చోమంటావా?"

"కూర్చో. ముందు కాఫీ పెట్టి కూర్చో."

నేను చలిగదిలోకి వెళ్ళాను. నాలుగడుగుల గది. ఎదురుగా బయటి తలుపు, గడియ వేసే ఉంది. మేకు మీద నా పిస్తోలు. ముట్టుకుంటే వేలు జారింది.

చిక్కగా, చల్లగా... నూనె.

"ఐవిన్‌డ్! వద్దన్నానా లేదా?"

"ముట్టుకుంటే ఒట్టు." వాడొచ్చి నా వేలు వాసన చూశాడు. వాడి నవ్వు ఆగిపోయింది. "నా నూనె చేపల కంపు కొడుతుందక్కా. ఇది... లవంగాలు కదూ?"

కిటికీ గట్టు మీద యాల్మర్ నూనె డబ్బా ఇంకా ఉంది. వంచి చూశాను. తుప్పు పొడి రాలింది, అంతే.

ఆ చలిలోనే నిలబడి కడిగాను. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచాను. గ్రాఫైట్ రాసి మేకుకి తగిలించాను. గంట తర్వాత మళ్ళీ చూశాను. ఈసారి ఇంకా ఎక్కువ. స్లైడ్ అంచున ఒక చుక్క, రాలకుండా వేలాడుతోంది.

మళ్ళీ తుడిచి వచ్చి తలుపు వేశాను.

మధ్యాహ్నం పన్నెండు దాటాక గాలి సద్దుమణిగింది. అప్పుడు వినబడింది.

బయటి తలుపు మీద గోళ్ళు. నెమ్మదిగా, పైనుంచి కిందికి. ఆ తర్వాత పెద్ద ఊపిరి. హఫ్... హఫ్...

"ఎలుగు," అని గొణిగాడు ఐవిన్‌డ్. "పిస్తోలు అక్కడే ఉంది కదక్కా..."

గుడిసెకి వేరే దారి లేదు. కిటికీ చూస్తే పలక అంత. బయటి తలుపు చెక్క ఫెళ్ళుమంది.

లోపలి తలుపు జానెడు తెరిచి చీకట్లోకి చెయ్యి చాచాను. గోడ... గోడ... మేకు.

మేకు ఖాళీ.

వేళ్ళతో వెతుకుతున్నాను. ఇంతలో పిస్తోలు నా అరచేతిలోకి వచ్చింది. పడలేదు. ఎవరో పెట్టారు. పిడి నా వైపు తిప్పి, జాగ్రత్తగా, పిల్లలకి కత్తెర అందించినట్టు.

చెయ్యి లాక్కుని తలుపు మూశాను. పిస్తోలు నూనెలో ముంచి తీసినట్టుంది. స్లైడ్ లాగితే రాలేదు.

"తుడువు అక్కా!"

"తుడిచే టైము లేదు." తలుపు దగ్గరే కోటు విప్పి దాన్ని చంకలో పెట్టుకున్నాను. మంచుగడ్డ పెట్టుకున్నట్టే. వెచ్చబడితే నూనె పల్చబడుతుంది. లెక్క పెట్టాను. ఇరవై... ముప్పై...

బయట ఎలుగు ఊపిరి ఆగిపోయింది. చలిగదిలో ఇంకో చప్పుడు మొదలైంది.

ఇనుము మీద ఇనుము. క్ర్ర్... ఆగింది. క్ర్ర్... ఆగింది. ఎవరో మొరాయించిన స్లైడ్‌ని లాగుతున్నారు. తొందర తొందరగా. ఏడుపులాంటి ఊపిరితో.

పిస్తోలు నా చంకలోనే ఉంది.

అరవై... డెబ్భై...

"ఇంకొక్క చుక్క," అంది గొంతు, తలుపు అవతల. "ఇంకొక్క చుక్క వేస్తే వస్తుంది టీచరమ్మా..."

లోపలి తలుపు గొళ్ళెం మెల్లగా లేచింది.

ఎలుగు గొళ్ళెం ఎత్తదు.

స్లైడ్ లాగాను. వచ్చింది. తలుపు మధ్యలోకి పేల్చాను.

చెవులు గింగురుమన్నాయి. గొళ్ళెం కిందికి పడింది. తర్వాత... ఏమీ లేదు. తెల్లారడమంటూ లేని చోట, పిస్తోలు పొడిగా తుడిచి పట్టుకుని, ఇద్దరం మంచం మీద తలుపు వైపే చూస్తూ సాయంత్రం ఆరింటిదాకా కూర్చున్నాం.

చివరికి దీపం పట్టుకుని తెరిచాను. బయటి తలుపు చెక్కుచెదరలేదు. వేసిన గడియ వేసినట్టే ఉంది. లోపలి తలుపులో గుండు రంధ్రం ఉంది, ఛాతీ ఎత్తున. ఎదురుగా నాలుగడుగుల దూరంలో ఉన్న బయటి తలుపుకి మాత్రం చిన్న గీత కూడా లేదు. గుండు కోసం నేల అంతా వెతికాం. దొరకలేదు.

నేల మీద చిక్కటి నూనె చుక్కలు కనిపించాయి. మేకు కింద మొదలై, లోపలి గడప దాటి, మా గదిలోకి వచ్చి, నేను కూర్చున్న మంచం దగ్గర ఆగాయి. వెనక్కి వెళ్ళిన చుక్క ఒక్కటీ లేదు.

ఊరికి రాగానే ఆ గుడిసె పిల్లలకి పనికిరాదని కాగితం రాసిచ్చాను. నేల కుంగిందని కారణం రాశాను. పిల్లలు అక్కడికి వెళ్ళరు. అది చాలనుకున్నాను.

మొన్న సోమవారం చలికాలపు పాఠం చెప్పాను. పిస్తోలు పొడిగానే ఉంది. తుడిచిన గుడ్డ తెల్లగానే వచ్చింది. మనసు కుదుటపడింది. గంట కొట్టగానే పిల్లలు ఒక్కొక్కరే బయటికి వెళ్ళారు.

మా తరగతి తలుపు పద్నాలుగేళ్ళుగా కిర్రుమంటోంది. ఆ రోజు కిర్రుమనలేదు. బడిలో అందర్నీ అడిగాను. బందులకి ఎవరూ నూనె వేయలేదట.