పీరాసాబ్ బోర్డూ, బ్యాటరీ కారూ

నాకు కోపమెక్కువ. మదనపల్లెలో మా షెడ్డున్న వీధిలో ఎవర్నడిగినా ముందు ఈ మాట చెప్పి, ఆ తరువాతే నా పేరు అయాజ్ అని చెబుతారు. మేం లారీలకు బాడీలు కడతాం. టమోటా లోడు మీద లోడు వేసి ఢిల్లీ దాకా తోలినా మా బాడీకి ఒక్క బోల్టు లూజు కాదు. అట్లాంటి షెడ్డులోకి ఒకరోజు ఒక పిల్ల బ్యాటరీ కారేసుకుని వచ్చి, "కారు వెనక తగిలించుకునే చిన్న ఇల్లు కావాలప్పా" అంది.

సుత్తి కింద పెట్టి చూశాను. తెల్ల కారు. చప్పుడే లేదు, అందుకే వచ్చింది తెలియలేదు. నల్ల స్కార్ఫు, చేతిలో కాగితాల కట్ట, 'తొందరగా చెప్పు, నాకు పనుంది' అన్నట్టున్న కళ్ళు. పేరు అఫ్రీన్, ఊరు కుప్పం.

"క్యారవానా? యాల? ఇంట్లో మంచం లేదా, రోడ్డు మీద పడుకునేదానికి?" అన్నాను.

"నాకుండాది. బయటికి పొయ్యే ఆడోళ్ళకే లేదు. నలుగురు ఆడోళ్ళు జతగా పోయి లాడ్జిలో రూము అడిగితే ఎన్ని ప్రశ్నలేస్తారో నీకు తెల్సా? దోవలో బాత్రూము ఉండదని పొద్దున్నించి నీళ్ళు తాగకుండా పొయ్యేవాళ్ళు ఎంతమందో తెల్సా? దీంట్లో మంచాలుంటాయి, స్టవ్వుంటాది, బాత్రూముంటాది. బాడుగకిస్తా. నేనే తోల్తా."

"ఈ బొమ్మ కారుతోనా? డీజిల్ జీపు తెచ్చుకో పో."

"పదేండ్లయినాంక నీ షెడ్డు ముందర డీజిల్ బండి ఒగటి నిలబడితే నాకు ఫోన్ చెయ్యి భాయ్. వచ్చి సూసిపోతా."

మా ఇళ్ళల్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూయే. కానీ పోట్లాడాలంటే ఇద్దరికీ తెలుగే కావాల్సి వచ్చింది.

నిజం చెప్పాలంటే డీజిల్ గురించి అన్నందుకు కాదు నాకు కోపం. భాయ్ అన్నందుకు. షెడ్డుకొచ్చే ప్రతివాళ్ళూ నన్ను అట్లాగే పిలుస్తారు, ఏనాడూ పట్టించుకోలేదు. ఆ రోజెందుకో ఒళ్ళు మండింది.

కాగితం మీద రెండు షరతులు రాసిచ్చింది. బరువు ఎనిమిది వందల కిలోలు దాటకూడదు. ముందువైపు నున్నగా ఉండాలి, నెత్తిన ఏదీ లేచి ఉండకూడదు. "గాలికి అడ్డమొస్తే చార్జింగంతా తాగేస్తాది" అని మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ తలూపాను.

రెండు నెలలు కట్టాను. వారానికోసారి వచ్చేది. కిటికీ ఎత్తు మీద గొడవ, సింకు వెడల్పు మీద గొడవ, తలుపు ఎటు తెరుచుకోవాలన్నదాని మీద ఒక పూటంతా గొడవ. రాని వారం మా పెయింటరు గణేష్ మీద అరిచేవాణ్ణి. "ఆయమ్మికి ఫోన్ చేసి అరవరాదా, నా పైన కాకుండా" అనేవాడు వాడు, బ్రష్షు కడుక్కుంటూ.

ఇంతలో ఆమెకు మొదటి బాడుగ కుదిరింది. నలుగురు రిటైరైన టీచరమ్మలు బెంగుళూరు నుంచి బుధవారం సాయంత్రం ఐదింటి రైలుకు కుప్పంలో దిగుతారు. ఆ వేళకు స్టేషను ముందు క్యారవాన్ ఉండాలి. అఫ్రీన్ వాళ్ళ అబ్బ, అంటే నాన్న, కలీం సాబ్ ముందే తేల్చేశాడు. ఈ ఒక్క ట్రిప్పు చూస్తాడు. ఇది చెడిందంటే కారు బెంగుళూరులో వాళ్ళన్నకు, ట్యాక్సీకి పోతుంది. మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు.

బుధవారం పొద్దునే అఫ్రీన్, వాళ్ళమ్మ తాహెరమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. బండి చూసి నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగింది. క్యారవాన్ నెత్తిన అడుగున్నర ఎత్తు ఇనుప బోర్డు. పీరాసాబ్ బాడీ వర్క్స్, మదనపల్లె.

"ఇదేంది?"

"మా తాత పేరు."

"మీ తాత పేరు బాగుండాది. ఆడ యాల ఉండాది?"

నేను నోరు తెరిచేలోపు మా అబ్బ మహబూబ్ బాషా వచ్చాడు. "ఈ బోర్డు లేకుండా మా గేటు దాటిన బండి లేదమ్మా. నలభై ఏండ్లుగా లేదు" అన్నాడు. అఫ్రీన్ పెద్దాయనకు సలాం చెప్పింది. నా వైపు చూసింది. ఆ చూపుకు నేను వెల్డింగు అద్దం పెట్టుకుని ఉండాల్సింది.

మా షెడ్డుకు ఇంకా ఆచారాలున్నాయి. కొత్త బండి ఖాళీగా గేటు దాటకూడదు. అందుకని అబ్బ నీళ్ళ ట్యాంకు నిండా నింపించి, లోపల ఆరు క్రేట్ల టమోటాలు ఎక్కించాడు. మొదటి ట్రిప్పుకు కట్టినవాడు కూడా పోవాలి, ఎక్కడ చప్పుడొస్తుందో వినాలి. అట్లా నేనూ ఎక్కాను. ముందు సీట్లో తాహెరమ్మ తస్బీ పూసలు తిప్పుకుంటూ, వెనక సీట్లో నేను, పక్కన నా పనిముట్ల సంచి. బోర్డు పెయింటు ఆరేదాకా ఆగి బయలుదేరేసరికి పన్నెండైంది.

ముప్పై కిలోమీటర్లు పోయి పుంగనూరు చేరేసరికి చార్జింగు తొంభై రెండు శాతం నుంచి యాభై ఎనిమిదికి పడింది. కుప్పం ఇంకా తొంభై కిలోమీటర్లు. హోటలు ముందున్న చార్జింగ్ పాయింటులో కరెంటు లేదు, నాలుగింటికి వస్తుందన్నారు. పలమనేరులో ఒక పాయింటుకు ఫోన్ చేస్తే, వెనక బండితో వస్తే లోపలికి పట్టదు, విప్పి రోడ్డు మీద వదిలేసి రండి అన్నారు.

"లారీలు దూరేటట్ల చార్జింగ్ తావులు ఒగనాడు వస్తాయి. ఈ పొద్దు లేవు" అంది అఫ్రీన్, స్టీరింగు వదలకుండా.

"నీ బొమ్మ కారుకు దమ్ము లేదని అప్పుడే సెప్పినా."

"దమ్ము సంగతి తర్వాత. నువ్వు కట్టినదాని బరువెంత?"

"ఎనిమిది నూర్లే. మా తాత కంటితో సూసి బరువు సెప్పేవాడు. మా అబ్బా అంతే, నేనూ అంతే. పీరాసాబ్ షెడ్డు బండి కాటా ఎక్కదు."

"ఈ పొద్దు ఎక్కుతాది."

టమోటా మార్కెట్టు దగ్గర లారీలు తూచే కాటా ఉంది. కారు విప్పి, క్యారవాన్‌ను దాని మీద నిలబెట్టాం. కాటా కృష్ణప్ప గదిలోంచే అరిచాడు. "పన్నెండు నూర్ల ముప్పై."

అఫ్రీన్ ఆ చీటీ తీసుకుని నా చొక్కా జేబులో పెట్టింది.

"సెప్పు భాయ్. టమోటాలూ నీళ్ళూ రెండు నూర్ల యాభై. మిగిలింది యాడినుంచి వచ్చె?"

"వెనక గార్డు. ఆ బోర్డు. అడుగున లారీలకేసే ఇనుప చానెల్ రెండు వరసలు వేసినా."

"రెండో వరస యాల?"

"ఊరికే."

"ఊరికేనా?" గొంతు పెంచలేదు, అదే ఇంకా భయం వేసింది. "ఐదింటికి నేను ఆడ లేకపోతే కారు పోతాది. రెండేండ్లు కాగితాల కోసం తిరిగినా. అందరూ నవ్వినారు. నువ్వూ నవ్వినావు, సరే. కానీ తలకాయ మూడు తూర్లు ఊపినావు. నాది పిల్లాట అనుకొని నీ ఇష్టమొచ్చినట్ల కట్టినావు కదా?"

"పిల్లాట అనుకొని కాదు." నా గొంతు మార్కెట్టంతా వినబడింది. "గ్రానైట్ లారీలు తిరిగే రోడ్డు మీద నువ్వు తోల్తావని. దీంట్లో నువ్వు పడుకుంటావని. వెనకనుంచి లారీ వచ్చి గుద్దినా నలగకూడదని. రెండో వరస వేసేటప్పుడు నాకు బరువు గుర్తు లేదు, నువ్వే గుర్తుండావు. సాలా? తిట్టు ఇంక."

కృష్ణప్ప తల బయటపెట్టి చూశాడు. కారులో తాహెరమ్మ చేతిలో తస్బీ ఆగిపోయింది.

అఫ్రీన్ బుగ్గలు ఎర్రబడ్డాయి. "తిట్టేదానికి టైము లేదు. దించు" అంది.

ట్యాంకు తూము తెరిచి నీళ్ళన్నీ వదిలేశాం. వెనక గార్డు విప్పి కాటా గదిలో పడేశాం. టమోటాలు తీసుకోమంటే కృష్ణప్పకు నా కంటే కోపమొచ్చింది. "టమోటా మార్కెట్టు తావ ఉండేవానికి టమోటాలిస్తారా యాడైనా?" అని గొణుగుతూనే ఆరు క్రేట్లూ లోపల పెట్టించుకున్నాడు.

ఇక బోర్డు మిగిలింది. అఫ్రీన్ దాని వైపు ఒక్కసారి చూసి తల తిప్పుకుంది. తియ్యమని అడగలేదు. అడిగి ఉంటే పోట్లాడేవాణ్ణి. అడగలేదు కాబట్టి నిచ్చెన వేసుకుని, అబ్బకు ఫోన్ చేశాను.

"అబ్బా, తాత బోర్డు కోసేస్తాండా."

అవతల షెడ్డులో సుత్తులు మోగుతున్నాయి. నా కోపం ఎవరి నుంచి వచ్చిందనుకున్నారు? తిట్లకు సిద్ధమయ్యాను.

"కోసినాంక అంచులు గీకు" అన్నాడు. "ఆ పిల్ల చెయ్యి తెగుతాది." పెట్టేశాడు.

కళ్ళు తుడుచుకుని సంచిలోంచి ఇనుము కోసే గ్రైండరు తీశాను.

"అది దేంతో తిరుగుతాది భాయ్?" కింద నుంచి అఫ్రీన్.

నేను నిచ్చెన ఇంకో మెట్టు ఎక్కాను. బ్యాటరీతో తిరుగుతుంది.

"దమ్ముండాదా దానికి?"

"గమ్మునుండు" అన్నాను.

బోర్డు కోసి, అంచులు గీకి, డిక్కీలో పెట్టుకుని రెండున్నరకు బయలుదేరాం. ఏసీ లేదు, పాట లేదు, నలభై ఐదు దాటని స్పీడు. వెనక లారీలు హారన్లు కొడుతుంటే నేను కిటికీలోంచి తల బయటపెట్టి ఒక్కొక్కరికీ సమాధానం చెప్పాను. కిలోమీటర్లు తగ్గుతున్నాయి, చార్జింగూ తగ్గుతోంది, కానీ ఇప్పుడు అది కొంచెం మర్యాదగా తగ్గుతోంది.

వి.కోట దగ్గర వాన పట్టుకుంది. అద్దాలెక్కిస్తే లోపలంతా ఆవిరి. ఏసీ వేస్తే చార్జింగు పోతుంది. నేను రెండు సీట్ల మధ్య నుంచి ముందుకు వంగి జేబురుమాలుతో ఆమె ముందున్న అద్దం తుడవడం మొదలుపెట్టాను. ఆమె స్కార్ఫు నుంచి రాలిన చుక్క ఒకటి నా చేతి మీద పడింది. తుడుచుకోలేదు.

"భాయ్, రవంత ఎడమ పక్క."

"భాయ్ అనొద్దు."

"మరి ఏమనాల?"

"పేరుండాది."

"మీ ఇంట్లో పేర్లు ఇనుముతో సేసి నెత్తిన పెడితేగాని కనబడవు కదా. అందుకే తెలీలేదు."

"అఫ్రీన్, ముందర సూసి తోలు" అంది తాహెరమ్మ, బయటి వాన వైపు తిరిగి. ఆమె భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందని తెలుస్తూనే ఉంది.

ఐదుకు ఎనిమిది నిమిషాలుండగా కుప్పం స్టేషను ముందు ఆగాం. చార్జింగు నాలుగు. కలీం సాబ్ అక్కడే వాచీ చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. బండిని చూశాడు, మళ్ళీ వాచీ చూశాడు, చెయ్యి దించేశాడు. స్కార్ఫు జారిన కూతురి తల మీద చెయ్యి పెట్టి, రైలు వివరం కనుక్కోవడానికి లోపలికి పోయాడు.

టీచరమ్మలు దిగారు. అందరిలోకీ పెద్దామె క్యారవాన్ ఎక్కి, మంచాలు చూడలేదు, స్టవ్వు చూడలేదు. నేరుగా బాత్రూము తలుపు తీసి చూసి మూసింది. మెట్టు మీద కూర్చుని, "తాగేదానికి నీళ్ళున్నాయా అమ్మా? పొద్దున్నించి తాగలేదు" అంది.

అఫ్రీన్ నా వైపు చూడలేదు. చూడాల్సిన పనిలేదు. నేనే పరుగెత్తి బాటిళ్ళు తెచ్చాను. తరువాత స్టేషను కొళాయి దగ్గర నుంచి బకెట్లతో మోసి, పుంగనూరులో వదిలేసిన నీళ్ళన్నీ మళ్ళీ ట్యాంకులో పోశాను. ఇంటి మంచం గురించి నేనన్న మాట గుర్తొచ్చి ప్రతి బకెట్టుకూ నా మీద నాకే మండింది.

ఆ రాత్రికి బండి కుప్పంలో అఫ్రీన్ వాళ్ళ మామిడితోపులో ఉంటుంది, కారుకు చార్జింగు పెట్టి పొద్దున్నే బయలుదేరుతారు. నేను బస్సుకు పోవాలి. డిక్కీలోంచి బోర్డు దించుకుంటుంటే అఫ్రీన్ వచ్చింది.

"దాన్నేం సేస్తావు?"

"మా అబ్బ ముందర పెట్టి తన్నులు తింటా."

"ఈడే పెట్టు. దానికి నాలుగు కాళ్ళు కొట్టియ్యి. లోపల టేబుల్ లేదు కదా, అదే టేబులు. మీ తాత లోపల కూర్చుంటాడు, గాలికి అడ్డం లేకుండా. టీ తాగేవాళ్ళంతా పేరు సదువుతారు."

నాకు ఏడుపొచ్చింది. కోపం అలవాటైనవాడికి ఏడుపొస్తే ఏం చెయ్యాలో తెలియదు. "ఎప్పుడు కావాల?" అని గద్దించాను.

తాహెరమ్మ తస్బీ సంచిలో వేసుకుంది. "ఆదివారం రా నాయనా. టేబులుకు కాళ్ళు కొట్టేదానికి నువ్వొక్కడివి సాలవు. మీ అబ్బనూ అమ్మీనీ పిల్చుకొని రా. బిర్యానీ సేస్తా."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యేసరికి అఫ్రీన్ కారు తలుపు చాటుకు పోయింది. స్కార్ఫు కొన మాత్రం కనబడుతోంది.

"వస్తావా అయాజ్?" అని అక్కడి నుంచే అడిగింది.

వస్తానని చెప్పాననే అనుకుంటున్నాను. మదనపల్లె బస్సెక్కి కూర్చున్నాక నాకు మళ్ళీ కోపమొచ్చింది. బుధవారానికీ ఆదివారానికీ మధ్య అన్ని రోజులు ఎవడు పెట్టాడు?