ఆగస్టులో అమ్మ వంతు

పొయ్యి మీద టీ పొంగకముందే సెయ్యన్ రెండు ఉత్తరాలకు జవాబులు రాసేసింది. మొదటిది ఏప్రిల్‌లో వస్తామన్న వాళ్ళకు. వద్దండీ, రాకండి అని ముక్కుసూటిగా రాసింది. వానల్లో మారా బయళ్ళ నేల నల్లని జిగురు. బండి దిగబడితే సింహాల సంగతి దేవుడెరుగు, రోజంతా చక్రం ముఖం చూస్తూ కూర్చోవాలి. రెండోది విల్డెబీస్టులనే అడవి పశువులకు అప్పుడే పుట్టిన దూడలను చూడాలన్న వాళ్ళకు. దానికి ఫిబ్రవరిలో సరిహద్దు దాటి సెరెంగెటి దక్షిణపు బయళ్ళకు పోవాలి, మా దగ్గర దొరకదు అని రాసింది. అబద్ధం చెప్పి పిలవడం ఆమెకు చేతకాదు. తలెక్ ఏటి ఒడ్డున వాళ్ళ కుటుంబం నడిపే ఆరు గుడారాల సఫారీ క్యాంపుకు ఆ పేరే ఆస్తి.

ఆమె వెనుక గోడ మీద పెద్ద కాగితం ఉంది. ఏ నెలలో ఏ జంతువు ఎక్కడ ఉంటుందో, ఏ దారి బురదలో మునుగుతుందో, ఏ అతిథులు ఏ రోజు దిగుతారో అంతా అందులోనే. జూలై నుంచి అక్టోబరు దాకా గడులు దాదాపు అన్నీ ఎర్రగా నిండిపోయాయి. విల్డెబీస్టు మందలు గడ్డి కోసం సరిహద్దు అవతలి నుంచి వచ్చి మారా నది దాటే కాలం అది. ఆ నాలుగు నెలలూ ఇంట్లో పెళ్ళి మాటెత్తరు, జ్వరం వచ్చినా పడుకోరు.

తల్లి నొలాషో పాలచెంబుతో లోపలికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"పెద్దలు రోజు పెట్టేశారే! వచ్చే పున్నమికే యునోటో. పన్నెండు నుంచి నాలుగు రోజులు."

సెయ్యన్ చేతిలో కలం ఆగిపోయింది. తొమ్మిదేళ్ళ కిందట మోరాన్లైన కుర్రాళ్ళు యోధుల జీవితం చాలించి పెద్దమనుషుల వరసలోకి వచ్చే పండుగ అది. వాళ్ళలో తమ్ముడు సిరోంకా ఒకడు. ఆ రోజు వాడి జడల జుట్టు గొరిగి దించాలి. దించాల్సింది కన్నతల్లే, ఇంకొకరి చెయ్యి పడకూడదు.

"నాన్నా, పెద్దలు ఇంకో ఏడాది ఆగుతారన్నావు కదా!"

తండ్రి పార్మువాత్ టీ గ్లాసు చాటున ముఖం దాచుకున్నాడు. "పోయినేడు కరువుకి సగం ఆవులు పోయాయి. పాలు లేని పండగ ఎవరు చేస్తారనుకున్నా. ఈ ఏడు వాన ఇంతలా కురుస్తుందని నాకేం తెలుసే?"

పన్నెండు నుంచి పదహారు దాకా కాగితంలో ఎర్రగడి. నార్వే నుంచి ముసలి దంపతులు, ఆ రోజుల్లో క్యాంపంతా వాళ్ళకే. ఏడాది కిందటే మాట ఇచ్చింది. బండి తోలేది సిరోంకా. ఆగస్టులో ఇంకో గైడు కావాలంటే చందమామను తెమ్మన్నట్టే.

బండి కడుగుతున్న సిరోంకా గుమ్మంలోకి వచ్చాడు. ఎర్రమట్టి పట్టించిన జడలు భుజాలు దాటి వేలాడుతున్నాయి.

"అంత రాద్ధాంతం ఎందుకమ్మా? అతిథులు వెళ్ళాక నరోక్‌లో మంగలి దగ్గర గీయించుకుంటాలే."

పాలచెంబు బల్ల మీద ఠంగుమంది.

"నిన్ను కన్నది మంగలి కాదురా!"

"అమ్మా, కాస్త ఆలోచించు," సెయ్యన్ అందుకుంది. "వాళ్ళు వాడి ఫొటో చూసి, ఈ అబ్బాయే మమ్మల్ని తిప్పాలని అడిగారు. ఆ జడలతో ఉన్నవాడినే..."

అన్నాక తెలిసింది, ఏమన్నదో. నొలాషో కూతుర్ని ఎగాదిగా చూసింది.

"ఓహో. నా కొడుకు జుట్టుని కూడా అతిథులకి రాసిచ్చావన్నమాట. ఆ కాగితంలో ఏనుక్కి నెలుంది, చిరుతకి నెలుంది. బురదక్కూడా రెండు నెలలిచ్చావు. నాకు ఎన్ని రోజులిచ్చావే?"

సెయ్యన్ కలానికి మూత పెట్టింది.

"పోనీలేవే నొలాషో..." అన్నాడు పార్మువాత్.

"నువ్వు ఊరుకో ముసలాయనా. వానే తెలియనోడివి, నా సంగతి నీకేం తెలుస్తుంది?"

ఆమె విసురుగా మేకల దొడ్డి వైపు వెళ్ళిపోయింది. సిరోంకా బకెట్టును తన్ని బండి దగ్గరికి పోయాడు.

సెయ్యన్ గోడ వైపు తిరిగింది. పన్నెండేళ్ళ కాగితాలు ఒకదాని మీద ఒకటి అక్కడే అంటించి ఉన్నాయి. ఒక్కో కాగితాన్నీ ఎత్తి చూసింది. ప్రతి ఆగస్టులోనూ వంద మందికి వండిపెట్టింది అమ్మ. ఎక్కడెక్కడి మనుషులో వచ్చి మారా ఒడ్డున నిలబడి కళ్ళారా చూసి పోయారు. అమ్మ నదిని చూసింది పాత్రలు తోమడానికే. ఊరందరి సెలవుల్నీ మోసిన మనిషికి ఒక్క సెలవు లేదు. ఇది ఎవరో పైవాళ్ళు చేసిన అన్యాయం కాదు. తన చేత్తో, తన కలంతో తనే చేసింది.

దొడ్లో నొలాషో మేకపిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడుస్తున్నట్టు తెలియకుండా ఏడుస్తోంది. సెయ్యన్ పక్కనే చతికిలబడింది.

"అమ్మా, తప్పయింది."

"నీ తప్పు కాదులే. తిండి పెడుతున్న పని. కానీ ఆ రోజు అమ్మలందరూ వరసగా కూర్చుంటారే. అందరి ఒళ్ళోనూ కొడుకుల తలలుంటాయి. నేను కత్తి పట్టుకుని ఖాళీ ఒడితో కూర్చోనా? కొడుకు చచ్చిన దానిలా?"

సెయ్యన్ తల్లి ఒళ్ళోంచి మేకపిల్లను తీసుకుంది. తల్లి ముక్కు తుడుచుకుంది.

"అయినా నీ నార్వే వాళ్ళకి పన్నెండున ఏం చూపిస్తావే? లోలియొండో నుంచి నిన్న మీ పిన్ని ఫోన్ చేసింది. సరిహద్దు అవతల గడ్డి ఇంకా మోకాలెత్తు పచ్చగానే ఉందట. కడుపు నిండుతున్న చోటు వదిలి ఏ మంద కదులుతుందే? ఈ ఏడు మందలు నది దాటేసరికి సెప్టెంబరు. పండక్కి పాలిచ్చిన వానే వాటికి గడ్డీ ఇచ్చింది."

పోయిన ఏళ్ళ తేదీలు చూసి కాగితం నింపింది తను. పచ్చగడ్డి సంగతి అడగాల్సిన మనిషి వంటింట్లోనే ఉంది, ఒక్కసారీ అడగలేదు.

మధ్యాహ్నం ఆమె నార్వేకు ఫోన్ చేసింది. సాకులు చెప్పలేదు. మా తమ్ముడి జుట్టు దించే పండుగ, ఆ రోజు వాడు మా అమ్మ ఒళ్ళో ఉండాలి అని ముందు చెప్పింది. మందలు ఆలస్యమని తర్వాత చెప్పింది. కాగితంలో ఖాళీగా ఉన్న సెప్టెంబరు ఇరవైకి రమ్మంది. ముసలాయన విమానం టికెట్ల గురించి చాలాసేపు గొణిగాడు. ఇంతలో భార్య ఫోను లాక్కుంది.

"అప్పటికి అబ్బాయికి జుట్టు ఉండదా?"

"ఉండదండీ. గుండే."

"పరవాలేదు, మా ఆయనకీ లేదు. ముప్పై ఏళ్ళుగా అలవాటే నాకు. సెప్టెంబరుకే వస్తాం."

సంగతి చెప్పగానే సిరోంకా మండిపడ్డాడు. "నిన్నెవరు అడిగారే మధ్యలో?"

"నువ్వు అడగలేదనే నేను అడిగా. అతిథుల మీద అంత ప్రేమేంట్రా నీకు? నిజం చెప్పు."

వాడు బండి అద్దాన్ని తుడిచిందే తుడిచాడు. ఆఖరికి గొణిగాడు. "భయంగా ఉందక్కా. ఈ జుట్టుతోనే నేను మగాణ్ణి, మోరాన్‌ని. అది పోతే పొద్దున్నే అద్దంలో ఎవడుంటాడో తెలీదు."

"అమ్మని అడుగు. ఆమెకి తెలుసు."

పండుగకు మూడు రోజుల ముందే క్యాంపు మూసేశారు. పార్మువాత్ వంటింటికి తాళం వేశాడు. ఆగస్టులో తాళం వేయడం అదే మొదటిసారి.

ఆ ఉదయం తల్లులందరూ తమ చేతులతో కట్టిన మట్టి ఇళ్ళ ముందు ఆవుతోళ్ళు పరుచుకుని కూర్చున్నారు. నొలాషో మెడ నిండా పూసలు వేసుకుంది. సిరోంకా వచ్చి ఆమె ముందు కూలబడి తల వంచాడు. పాలూ నీళ్ళూ కలిపిన సొరబుర్ర పట్టుకుని సెయ్యన్ పక్కన నిలబడింది. తల్లి జడలు తడిపింది. కత్తి పెట్టింది. మొదటి జడ తెగి ఒళ్ళో పడగానే వాడు వెక్కిళ్ళు పెట్టాడు. చుట్టూ ఎంతో మంది యోధులు అలాగే ఏడుస్తున్నారు, ఎవరూ సిగ్గుపడటం లేదు.

"అమ్మా, ఇప్పుడు నేను ఎవరిని?"

"కదలకురా, తెగుతుంది."

చివరి జడ కూడా రాలింది. నున్నటి తల మీద నొలాషో అరచేయి పెట్టి మెల్లగా నిమిరింది. సెయ్యన్ చేతుల్లో సొరబుర్ర ఒరిగింది, పాలు ఒలికి ఆమె పాదాల మీద పడ్డాయి. తుడుచుకోలేదు.

"ఇదిగో," అంది తల్లి, ఏడుస్తూ నవ్వుతూ. "నా బిడ్డ తల. తొమ్మిదేళ్ళ నుంచి ఎక్కడ దాచావురా?"