సుద్దపొడి సంచులు

దాణా మిల్లు పశువైద్యుడి శవం ముక్కజొన్న బస్తాల మధ్య దొరికింది. పిడికిట్లో చిటికెడు తెల్లపొడి.

"మనవాడే," అన్నాడు బాబాయ్. ఆయన ఎవరికీ బాబాయ్ కాదు. సీక్రెట్ సర్వీస్ చీఫ్. డిపార్ట్‌మెంటంతా అలాగే పిలుస్తుంది. "బూజు పట్టిన ముక్కజొన్నలో విషం పుడుతుంది. కోడి లివర్‌ని తినేస్తుంది. అందుకని దాణాలో టాక్సిన్ బైండర్ కలుపుతారు. అది విషాన్ని కడుపులోనే పట్టేసి రెట్టతో బయటికి పంపేస్తుంది. ఇప్పుడు బైండర్ సంచుల్లో ఎవరో సుద్దపొడి నింపుతున్నారు."

"ఎవరు?" అన్నాడు ఏజెంట్ డేగ.

"విదేశీ ముఠా. పిల్లల్నిచ్చే మన బ్రీడర్ కోళ్ళన్నీ చస్తే కోడిపిల్లల కోసం వాళ్ళ కాళ్ళే పట్టుకోవాలి. మిల్లు మేనేజర్ వాళ్ళ మనిషి. రేపు పన్నెండింటికి ఆ దాణాతో పది లారీలు బయల్దేరతాయి. లోపల మన ఏజెంట్ ఇంకొకరున్నారు. కోడ్, 'గింజ ఆరిందా?' జవాబు, 'ఇంకా తడే'."

ఎందుకో బాబాయ్ అతని మొహంలోకి చూడలేదు.

మర్నాడు పన్నెండుకి అయిదు నిమిషాల ముందు, పెట్టుడు మీసంతో, సేల్స్‌మన్ బ్యాగుతో డేగ మిల్లు స్టోర్‌లో దూరాడు. బైండర్ సంచికి చిల్లు పొడిచి, పెన్నులోంచి రెండు చుక్కలు యాసిడ్ వదిలాడు. పొడి బుసబుసా పొంగింది. అసలు బైండరైతే పొంగదు. సుద్దే.

"ఆ మీసం మీకు నప్పలేదు."

చటుక్కున పిస్టల్ తీసి తిరిగాడు. ల్యాబ్ కోటు, ఎర్రటి లిప్‌స్టిక్. అతని భార్య. మూడేళ్ళ కిందట మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయిన భార్య.

"డాక్టర్ని చంపింది నువ్వేనా?"

"గింజ ఆరిందా?" అందామె.

డేగ పిస్టల్ దించాడు. "ఇంకా తడే."

"డాక్టర్ని మేనేజర్ చంపాడు. నేను ఆపలేకపోయాను."

"నాకొక్క ముక్క చెప్పొచ్చుగా?"

"బాబాయ్‌కి ఒట్టేశాను."

"నీ దిండు ఇంకా మంచం మీదే ఉంది."

"ఉతికించారా?"

"లేదు."

ఆమె మొహం పక్కకి తిప్పుకుంది. "మీ వెనక మెయిన్ స్విచ్ ఉంది. కరెంటు పోతే గేటు అడ్డకర్ర పడిపోతుంది. ఒక్క నిమిషమే ఉంది."

డేగ స్విచ్ లాగేశాడు. మొదటి లారీ ముక్కు ముందే అడ్డకర్ర దభీమని పడింది. బయట మేనేజర్ అరుపులు, ఇటే పరుగెత్తుకొస్తున్న బూట్ల చప్పుడు.

"నన్ను కాల్చండి," అందామె గబగబా. "ముఠా పెద్ద ఎవరో నాకింకా తెలీలేదు. నా ఒంటి మీద మీ తూటా దెబ్బ లేకపోతే మేనేజర్ నన్ను నమ్మడు."

"నావల్ల కాదు."

"ఏవండీ. త్వరగా."

తలుపు తెరుచుకుంటుండగా డేగ కాల్చాడు. ఎడమ భుజం. మేనేజర్ ఆమెని లాక్కుంటూ వెనక గేటు దగ్గరున్న కారు వైపు పరుగెత్తాడు. అతన్ని పడగొట్టడానికి డేగకి మూడు సెకన్లు చాలు. పిస్టల్ దించేసి, కారు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. చూడకూడదు మరి.

సాయంత్రానికి లారీలన్నీ సీజయ్యాయి. ఒక్క కోడి కూడా చావలేదు. బాబాయ్ రిపోర్టు ఫారం అతని ముందు పెట్టి, కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

'తప్పించుకున్న మహిళతో మీకు పూర్వపరిచయం ఉందా?'

డేగ చాలాసేపు ఆలోచించి రాశాడు: 'ఏడేళ్ళు కాపురం చేశాను. పరిచయం ఉందనే అనుకున్నాను.'