కుర్చీ వెనక నిలబడ్డవాడు

పాత వీడియో గేములు ఇప్పుడు ఆడితే ఎలా ఉంటాయో చెప్పే ఛానెల్ ఒకటి నడుపుతాను. నిజం చెప్పాలంటే తిట్టే ఛానెల్. ముఖ్యంగా తుపాకీ ఆటలు. తెర మీద మన చెయ్యి, చేతిలో తుపాకీ, ఎదురొచ్చిన వాణ్ణల్లా కాల్చుకుంటూ పోవడం. చిన్నప్పుడు ఆడినవాళ్ళంతా "అబ్బ, ఎంత నిజంలా ఉండేదో" అని నిట్టూరుస్తారు. తీరా పెట్టి చూస్తే గోడలు అట్టపెట్టెల్లా ఉంటాయి, శత్రువుల మొహాలు ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఉంటాయి. దూరపు కొండలు నునుపు. దగ్గరికి తీసుకెళ్ళి చూపించడమే నా సరదా.

మా అన్నయ్య సాయిచైతన్య దగ్గర మాత్రం ఒక ఆటని ఏమీ అనకూడదు. బడి ఎగ్గొట్టి ఆబిడ్స్‌లో నర్సన్న నెట్ సెంటర్‌లో ఆడిన ఆట. అసలు పేరు వాడికీ గుర్తులేదు. అన్నీ డబ్బాలూ, ఇనప తలుపులే కాబట్టి పిల్లలంతా 'గోదాం' అనేవారట. "అంత భయం ఇప్పటి ఆటల్లో ఎక్కడుందే మేఘూ," అంటాడు. నాన్న పోయాక నన్ను చదివించిందీ, అమ్మని కనిపెట్టుకుని ఉన్నదీ అన్నయ్యే. మా ఇంటికున్న ధైర్యమంతా వాడే. అయినా ఏడిపించకుండా ఉండలేను.

నర్సన్న దుకాణం ఎత్తేస్తున్నాడని తెలిసి, ఆఖరిసారి ఆ ఆట అక్కడే ఆడి వీడియో తీద్దామని ఆదివారం సాయంత్రం బయల్దేరాం. అన్నయ్య స్కూటర్ నడిపాడు. నాంపల్లి స్టేషన్ దాటేసరికి వాన పట్టుకుంది. పని అయ్యాక మొజంజాహీ మార్కెట్‌లో సీతాఫలం ఐస్‌క్రీం అని ఒప్పందం.

పాత కాంప్లెక్సు కింద, నేలమాళిగలో ఉంది ఆ సెంటర్. మెట్లు దిగుతుంటే తడిసిన తివాచీ వాసన, దోమల చుట్ట వాసన. కంప్యూటర్ల వైర్లు ఊడబీకి కట్టలు కట్టేశారు. నర్సన్న, అంటే వెంకటనర్సయ్య, ఒక స్టూలు మీద గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు.

"ఏం సాయీ, గింత పెద్దగైనవా! రేపు తుక్కోడొచ్చి అన్నీ కొంటవోతడు. గీ రెండే నడుస్తున్నయ్ బిడ్డా, ఆడుకోన్రి."

గోడ మీద ఎర్ర పెయింట్‌తో వంకరటింకరగా రాసి ఉంది: సచ్చినోడు కుర్చీ ఇడవాలె.

"అదేంటి?" అన్నాను.

అన్నయ్య మొహం వెలిగింది. "ఇక్కడి రూలు. ప్రతి కుర్చీ వెనకా ఒకడు నిలబడి ఉండేవాడు. ఆటలో మనం చస్తే వాడు భుజం మీద రెండుసార్లు తడతాడు. మారు మాట్లాడకుండా లేచి 'కూచో రా' అనాలి. మళ్ళీ మన వంతు వచ్చేదాకా మనం వెనక నిలబడాలి."

"ఇన్ని కుర్చీలుండగా మీరు స్టూలు మీద కూర్చున్నారేంటి అంకుల్?" అని నర్సన్నని అడిగాను.

ఆయన నవ్వలేదు. "ఎనక గోడ ఉంటేనే నాకు పానం నిమ్మలంగుంటది బిడ్డా," అని లేచాడు. "జర సేపుండున్రి, చాయ్ తెస్త."

ఫోన్‌ని స్టాండుకి తగిలించి, గది మొత్తం కనబడేలా ఓ మూల పెట్టాను. పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం.

ఆట మొదలయ్యాక నాకు నవ్వాగలేదు. తుపాకీ ఇటుకలా ఉంది. పైకి చూడ్డానికి వీల్లేదు, ఎగరడానికి వీల్లేదు. కాళ్ళకి చక్రాలు కట్టినట్టు జారుతున్నాం. "దీనికా నువ్వు రాత్రిళ్ళు కలవరించింది?" అన్నాను.

అన్నయ్య చిన్నబుచ్చుకున్నాడు. వాడికో అలవాటుంది. ఆటలో కుడికి తిరిగితే ఒళ్ళంతా కుడికి వంగుతుంది, ఎడమకి తిరిగితే ఎడమకి. అలా వంగుతూ, "బొమ్మలు ఇంతే ఉండేవనుకుంటా," అన్నాడు. "భయం బొమ్మల వల్ల కాదేమో మేఘూ. వెనకాల ఒకడు ఊపిరి పీలుస్తూ ఉండేవాడు. మనమెప్పుడు చస్తామా అని."

ఆ మాట నాకు నచ్చింది. వీడియో చివర పెట్టుకోవాలనుకున్నాను.

అప్పుడు చూశాను. తెర మూలన ఆటలో ఎంతమంది ఉన్నారో చూపించే అంకె ఉంటుంది. రెండు ఉండాలి.

మూడు ఉంది.

"ఇంకేదో ఆన్‌లో ఉన్నట్టుంది," అన్నాడు అన్నయ్య. మిగతా వైర్లన్నీ కట్టలుగా నేల మీద పడున్నాయి.

నా తెర మీద అన్నయ్య బొమ్మ కనబడుతోంది. దాని వెనక... ఆనుకుని... ఇంకో బొమ్మ. చేతిలో తుపాకీ లేదు. ఊరికే నిలబడి ఉంది.

"అన్నయ్యా, నీ వెనకాల..."

"ఏదీ?" వాడు కుడికి వంగాడు. ఎడమకి వంగాడు. వాడెటు తిరిగితే అదీ అటే తిరిగింది. వెనకే ఉంది.

అన్నయ్య చిన్నప్పుడెప్పుడూ మొదటి ఇనప తలుపు దాటలేదట. ఇప్పుడూ అక్కడే పడ్డాడు. తెర ఎర్రబడింది.

టప్... టప్.

మెత్తటి చప్పుడు. భుజం మీద చెయ్యి పడ్డట్టు.

అన్నయ్య ఆలోచించనైనా లేదు. పాత అలవాటు. తెర మీంచి చూపు తిప్పకుండానే లేచాడు. పక్కకి జరిగి, "కూచో రా," అన్నాడు.

అన్నాకే మొహం పాలిపోయింది.

ఖాళీ కుర్చీ కిర్రుమంది. దాని మెత్త నెమ్మదిగా... లోపలికి దిగింది.

కరెంటు పోయింది.

చిమ్మచీకటి. పైన ఎక్కడో వాన. పక్కన ఎవరిదో ఊపిరి. తడిసిన యూనిఫాం వాసన.

"మేఘనా, పోదాం," అంది అన్నయ్య గొంతు. ఒక చెయ్యి నా చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. ఆ చెయ్యి కుర్చీ వైపునుంచి వచ్చింది. అదప్పుడు నాకు తట్టలేదు. గుడ్డిగా పరిగెత్తాను. మెట్ల దగ్గర వెనకనుంచి "మేఘూ..." అని వినబడినట్టయింది. ఆగబోయాను. చేతిలోని చెయ్యి గట్టిగా ముందుకి లాగింది.

వీధి దీపం కింద చూస్తే అన్నయ్యే. హమ్మయ్య అనుకున్నాను. స్కూటర్ తాళం నా చేతిలో పెట్టాడు. "నువ్వే నడుపు." ఐస్‌క్రీం వద్దన్నాడు. ఇంటికొచ్చి భోజనానికి కూర్చుని, అమ్మ వంక కొత్తగా చూశాడు. భయపడ్డాడు పాపం అనుకున్నాను. ఫోన్ అక్కడే మర్చిపోయానని అప్పుడు గుర్తొచ్చింది.

పొద్దున్న నర్సన్నే తెచ్చిచ్చాడు. గుమ్మంలోనే గుసగుసగా అడిగాడు. "సాయి ఇంటికాడనే ఉన్నడా బిడ్డా?"

"ఉన్నాడు అంకుల్. టిఫిన్ చేస్తున్నాడు."

ఆయన తొంగిచూశాడు. "మరి రాత్రి కుర్చీ ఎనక..." అని ఆగిపోయాడు. "తుక్కోడు తెల్లారకముందే వచ్చిండు. అన్నీ కొంటవోయిండు. కుర్చీలు గూడ." మంచినీళ్ళైనా తాగకుండా మెట్లు దిగిపోయాడు.

ఫోన్ చార్జింగ్‌లో పెట్టి వీడియో చూశాను. చీకటి. మా పరుగు చప్పుడు. కాసేపటికి కరెంటు వచ్చింది. రెండు కుర్చీలూ ఖాళీ.

కుర్చీ వెనక మా అన్నయ్య నిలబడి ఉన్నాడు.

చేతులు కట్టుకుని, వంతు కోసం చూసే పిల్లాడిలా. కెమెరా వైపు చూశాడు. ఏడుస్తున్నాడు. సౌండ్ మొత్తం పెంచాను.

"మేఘూ... నా వంతు ఎప్పుడే?"

బ్యాటరీ అయిపోయేదాకా అదే మాట.

ఎంత ఏడ్చానో నాకే తెలుసు. అమ్మకి ఏం చెప్పను? నా అన్నని నేనే చీకట్లో వదిలేసి, ఎవరినో చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చాను. చివరికి ఒక్కటే దారి తోచింది. రూలు రూలే కదా. చచ్చినవాడు లేవాలి.

నిన్న తెర మీద చూసిన పేరుతో నెట్‌లో వెతికి, సాయంత్రం ఆ ఆటే నా లాప్‌టాప్‌లో ఎక్కించి వాడి ముందు పెట్టాను. "ఒక్కసారి ఆడు అన్నయ్యా."

నవ్వి కూర్చున్నాడు. కుడికి వంగలేదు. ఎడమకి వంగలేదు. నిటారుగా ఉన్నాడు. మొదటి ఇనప తలుపు దాటేశాడు. రెండోదీ దాటేశాడు.

వాడి చొక్కా భుజం దగ్గర, ఎవరో వేళ్ళతో నొక్కినట్టు లోపలికి పోయింది.

టప్... టప్.

"ఇంకా చావలేదుగా," అన్నాడు మెల్లగా. నాతో కాదు.

అమ్మ లాప్‌టాప్‌లోనూ ఆట ఎక్కించుకుని, ఎదురుగా కూర్చుని నేనూ ఆటలోకి వెళ్ళాను. వాణ్ణి నేనే చంపుతాను. అప్పుడు అన్నయ్య కూర్చుంటాడు. గురి పెట్టాను.

అప్పుడు తెర మూల కనబడింది. నేను, వాడు, వాడి వెనక అన్నయ్య. మూడు ఉండాలి.

నాలుగు ఉంది.

నా కుర్చీ వెనక గోడ లేదు.