సిరిసిల్ల రాజుకు పెట్టిన తువ్వాల

ఆ పొద్దున కరెంటు పోకపోయి ఉంటే జలపతి తన మరమగ్గాల షెడ్డులోనే ఉండేవాడు, ఆ సాంచాల చప్పుడులో ఇవేవీ జరిగేవి కావు. కరెంటు పోయింది. ఇంటికి వచ్చి, చాయ్ గ్లాసు పట్టుకుని, కూతురు అక్షిత ల్యాప్‌టాప్ ముందు ఏం చేస్తోందో చూద్దామని వెనక నిలబడ్డాడు. పోటీ పరీక్షలకు చదువుతోందని ఆయన నమ్మకం.

తెర మీద పటం ఉంది. మానేరు వాగు, దాని పక్కన సిరిసిల్ల, పైన జగిత్యాల, ఆ పక్కన కోరుట్ల. మూడింటికీ మూడు రంగులు.

"గిదేంది బిడ్డ, మన జిల్లాలేనా?"

అక్షిత ముందు దాచబోయింది, తర్వాత దాచడం దండగనుకుంది. "మన దిక్కే బాపు. గాని గిట్ల జరగలే. జరిగుంటే ఎట్లుండునో అని నేను తయారు చేసిన. నిజాం కాలంల పట్టు సడలి, గీ మూడు ఊర్లు మూడు రాజ్యాలైనయనుకో. ఒక్కొక్కలు ఒక్కో రాజైతరు. సైన్యం నడుపుడే గాదు, రాజు మాట్లాడినట్టే ఉత్తరాలు రాయాలె."

"గవర్మెంటు పరీక్షల గిది అడుగుతరా?"

"అడగరు."

ఇంకో తండ్రి అయితే ఇక్కడ కోప్పడేవాడు. జలపతికి కోపం వచ్చింది గానీ, వేరే చోట వచ్చింది. కోరుట్లకు బియ్యం, పసుపు ఇచ్చి, జగిత్యాలకు కోట, ఫిరంగులు ఇచ్చి, సిరిసిల్లకు కూతురు ఉత్త మగ్గాలు ఇచ్చి ఊరుకుంది.

"సిరిసిల్లకు గింతేనా సైన్యం? ఎవడు గా రాజు?"

"వీర్నపల్లి సాయితేజ. వరి కోతలున్నయని పోయిండు. ఆదివారం అసలు ఆట మొదలైతది. అంతల్నే ఒకసారి ఆడి చూసుకోవాలె, లేకుంటే ఎక్కడ తప్పుందో తెల్వది. సిరిసిల్లకు మనిషి లేడు."

"మనిషి లేకపోవుడేంది? నేను లేనా?"

గుమ్మం దగ్గర కూర్చుని బీడీలు చుడుతున్న కల్పన తలెత్తి భర్తను చూసి, మళ్ళీ ఆకు కత్తిరించుకుంది. ఇరవై మూడేళ్ల కాపురంలో ఆమె చాలా చూసింది, రాజును మాత్రం ఇదే చూడడం.

ఆమెకు వేరే చింత ఉంది. కల్పన పుట్టిల్లు కోరుట్ల. అక్కడ తల్లి శంకరవ్వ, తమ్ముడు లక్ష్మీరాజం ఉన్నారు. తమ్ముడు కొత్త ఇల్లు కట్టుకుని అందరినీ పిలిచిన రోజున అక్కాబావలకు బట్టలు పెట్టాడు. బట్టలు పెట్టాక పుట్టింటివాళ్ళు ఆడబిడ్డ కొంగులో పసుపు బియ్యం పోయాలి, అదే ఒడిబియ్యం. కల్పన పీట మీద కూర్చుని కొంగు పట్టింది. అంతలో జలపతి తన భుజం మీద కప్పిన ఎర్రంచు తువ్వాలను బొటనవేలితో తడిమాడు. నేతగాడి వేలు కదా, ఊరికే ఉండదు. మధ్యలో పోగు తప్పిన సన్నటి సందు తగిలింది. అంచు చూస్తే తన షెడ్డులో దిగిన తువ్వాలే, అదీ పాడైపోయిన రకం. "నా బట్టే, గది గూడ చెడిపోయింది, నాకే పెడుతవా?" అని అక్కడే తీసి పడేశాడు. "ఇంకోసారి నా గడప తొక్కకు" అని నలుగురిలో బామ్మర్దికి చెప్పి, భార్యను లేవమన్నాడు. ఆమె లేచింది.

ఒడిబియ్యం మూడో ఏడు, ఐదో ఏడు, ఇలా బేసి ఏళ్లలోనే పోస్తారు. ఆ రోజు నుంచి లెక్కేస్తే మూడో ఏడు అలాగే గడిచిపోయింది. ఇది ఐదోది. ఇదీ దాటితే ఇంకా రెండేళ్లు ఆగాలి, శంకరవ్వ అంతవరకు ఆగేలా లేదు. పిలవడానికి తమ్ముడు రావాలి. తమ్ముడు రావాలంటే ఆ గడప మాట పోవాలి. పిలుపు లేకుండా పోవడానికి కల్పన మనసొప్పదు. ముగ్గురూ మర్యాద తప్పని మనుషులే, అందుకే ఎవరూ కదల్లేదు.

"అమ్మమ్మ ఎట్లున్నదట?" అని ఆ సాయంత్రం కూతురిని మెల్లగా అడిగింది.

"లేచి కూసునుడు కష్టమైతుందట. నిన్ను యాది చేస్తుందట. సుస్మిత చెప్పింది." లక్ష్మీరాజం కూతురు సుస్మితా, అక్షితా ఒకే ఆట గుంపులో ఉన్నారు. కోరుట్ల సింహాసనం సుస్మితదే. ఈ సంగతి తల్లికి తెలుసు, తండ్రికి చెప్పాలని ఎవరికీ అనిపించలేదు.

జలపతి రాజ్యం బాగానే నడిపాడు. షెడ్డు నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, ఉత్తరాలు చెప్పేవాడు, అక్షిత టైపు చేసేది. జగిత్యాల రాజు పెగడపల్లి విజయ్ అనే పిల్లవాడు. అతనితో బట్టకు ఫిరంగులు మార్చుకునే ఒప్పందం చేసుకున్నాడు. అంతా సవ్యంగా ఉండగా కోరుట్ల బియ్యం ధర పెంచింది.

"యుద్ధం," అన్నాడు జలపతి.

"ఊకనే చెయ్యరాదు బాపు. కారణం రాయాలె. అందరు ఒప్పుకునే కారణం ఉండాలె. గది నా రూలు."

"బియ్యం ధర చాలదా?"

"చాలది. ధర పెంచితే బేరమాడాలె. అవమానం జరిగితేనే యుద్ధం."

ఆ రూలు పెట్టినప్పుడు అక్షిత పాత రాజుల గురించి ఆలోచించింది, ఇంటి గురించి కాదు. జలపతి కాసేపు పటం వైపు చూశాడు. 

"అయితే రాయ్. సిరిసిల్ల రాజు సుట్టమై కోరుట్లకు పోతే, కోరుట్ల రాజు ఆయన భుజం మీద ఆయన బట్టనే కప్పిండు. అది గూడ పోగు తప్పిన తువ్వాల. నలుగురిల ఇజ్జత్ తీసిండు. గందుకే యుద్ధం."

గుమ్మం దగ్గర కత్తెర ఆగింది.

"బాపు, వేరే కారణం చెప్పు," అంది అక్షిత.

"గీ కారణం తక్కువున్నదా?"

తక్కువ లేదు. రూలు ప్రకారం సరిగ్గా సరిపోయింది. ఆమె రాసి పంపింది. సుస్మిత చూసి నవ్వేసి, ఏదో ఒకటి రాసి సర్దుతుందని ఆశపడింది.

జవాబు చాలాసేపటికి గానీ రాలేదు. అది సుస్మిత రాసే తీరులో లేదు. అక్షిత పైకి చదవడం మొదలుపెట్టాక గానీ ఆ సంగతి ఆమెకు తట్టలేదు, అప్పటికి ఆపడం కుదరలేదు.

"సిరిసిల్ల రాజుగారికి కోరుట్ల రాజు రాయించేది. మీ బట్ట మీకే పెట్టిన మాట నిజం. ఊళ్ళె దుకాండ్లన్ని తిరిగిన. మా బావ సాంచాల మీద దిగిన తువ్వాల ఉన్నదా అని పేరు పెట్టి అడిగిన. నా ఇంటి పండుగనాడు బావ భుజం మీద బావ బట్టే ఉంటే గొప్పగుంటదనుకున్న. అండ్ల పోగు తప్పిందని నాకేమెరుక? నా చేతులకు పసుపు తెలుసు, పోగు తెల్వది. యుద్ధం జేస్తే జెయ్యిండ్రి. గాని మా అక్క ఒడి ఖాళీగ పోయింది. అవ్వ కూసుండలేకపోతున్నది. అక్కను పంపుండ్రి, రాజ్యం మీరే తీసుకోండ్రి."

 జలపతి ముఖం ఎర్రబడింది.

"ఎవరు గాడ కూసున్నది?"

"సుస్మిత. గిది మాత్రం మామ రాయించినట్టున్నది బాపు."

"తండ్రిని పట్టుకొని ఆటాడిస్తున్నవా? ఇద్దరు పోరగాండ్లు కూడి నన్ను పిచ్చోణ్ణి జేస్తిరి!"

"నేనాడియ్యలే. తువ్వాల ముచ్చట నేను తేలే. పటంల లేదు, రూల్సుల లేదు. నువ్వే తెచ్చినవ్."

చెయ్యెత్తబోయాడు. కల్పన ఒళ్ళోని బీడీల చాట పక్కన పెట్టి లేచింది. ఆమె గొంతు పెంచలేదు, పెంచి ఉంటే ఆయనకు సులువయ్యేది.

"పొల్ల మీదెందుకు? నాతోని మాట్లాడు. నీ తువ్వాల ముచ్చట ఊరంత విన్నది. నా ఒడి ముచ్చట ఎవలన్న అడిగిండ్రా? కొంగు పట్టుకొని పీట మీద కూసున్న. మా అవ్వ దోసిట్ల బియ్యం తీసుకున్నది. నువ్వు లే అన్నవ్. ఖాళీ కొంగు తోటి బస్సెక్కిన."

"వాడు నన్ను నలుగురిల..."

"వాడు కొన్నడు. గా సందున్న తువ్వాలను మంచి తువ్వాలల్ల కలిపి గా దుకాణానికి పంపిందెవలు?"

 పాడైన సరుకును విడిగా తక్కువకు అమ్మాలి. ఆ నెల జలపతి అలా చేయలేదు. ఆ సంగతి ఆ రోజు పీటల దగ్గర వేలికి సందు తగలగానే ఆయనకు తెలిసింది. తెలిసింది కాబట్టే అంత గట్టిగా అరిచాడు. ఇన్నాళ్లూ దాన్ని అవమానమని పిలుచుకుంటూ, చివరికి తనే నమ్మాడు.

ఆయన చెప్పులేసుకుని షెడ్డుకు వెళ్ళిపోయాడు. కల్పన కళ్ళు తుడుచుకుని మళ్ళీ చాట ఒళ్ళోకి తీసుకుంది. ఒక బీడీ చుట్టింది, అది వదులైతే విప్పేసింది.

మర్నాడు మధ్యాహ్నం అన్నానికి వచ్చినవాడు అన్నం దగ్గర కూర్చోలేదు. తెర ముందు కూర్చున్నాడు.

"రాయ్ బిడ్డ."

"ఏం రాయాలె?"

"సిరిసిల్ల రాజు రాయించేది. యుద్ధం లేదు. తువ్వాలల తప్పు మా మగ్గానిది. గడప తొక్కద్దన్న మాట వాపస్ తీసుకుంటున్న." గుమ్మం వైపు చూశాడు. "మా రాణి ఎదురుచూస్తున్నదని రాయ్."

"ఫోన్ జెయ్యరాదు బాపు?"

"ఫోన్ల జలపతి మాట్లాడాలె. వానికి నోరు రాదు."

జగిత్యాల విజయ్ మాత్రం గొడవ పెట్టుకున్నాడు. యుద్ధమని నమ్మి ఫిరంగులన్నీ సరిహద్దుకు తెచ్చుకున్నాడట, ఆటలో ఇంత నీరసమైన ముగింపు తను చూడలేదట. అక్షిత అతనికి క్షమాపణ చెప్పి, ఆదివారం ఆటకు రూలు మార్చింది. అవమానం జరిగితే ముందు అవతలి రాజును కారణం అడగాలి, జవాబు వచ్చేదాకా సైన్యం కదలకూడదు.

తెల్లారి లక్ష్మీరాజం వచ్చాడు. గడప అవతలే నిలబడ్డాడు. జలపతి లోపలికి వెళ్ళాడు. చెంబుతో నీళ్ళు తెచ్చి చేతికిచ్చాడు. కాళ్ళు కడుక్కుని లోపలికి రమ్మని అర్థం. బామ్మర్ది కాళ్ళు కడుక్కున్నాడు.

కోరుట్లలో శంకరవ్వను ఇద్దరు పట్టి కూర్చోబెట్టారు. కల్పన పీట మీద కూర్చుని మళ్ళీ కొంగు పట్టింది. పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు. ముసలామె దోసిలి ఒరిగి సగం బియ్యం పీట కిందే పడింది. "పడనియ్యే అవ్వా, పడనియ్యి," అంటూ కల్పన ఏడ్చింది. శంకరవ్వ మాత్రం ఏడవలేదు. ఇంకో దోసిలి తీసుకుంది.

వచ్చేటప్పుడు బియ్యం మూట కట్టడానికి సుస్మిత లోపలి నుంచి ఒక గుడ్డ తెచ్చింది. ఏ గుడ్డో ఆ పిల్ల చూసుకోలేదు. ఎర్రంచు తువ్వాల. ఆ రోజు పడేసిన దాన్ని శంకరవ్వ ఉతికి, మడతపెట్టి దాచింది. లక్ష్మీరాజం గతుక్కుమన్నాడు. 

జలపతి దాన్ని చేతిలోకి తీసుకుని బొటనవేలితో తడిమాడు. సందు అక్కడే ఉంది, కాస్త పెద్దదైంది కూడా.

"గిండ్లనే కట్టుండ్రి," అన్నాడు. "మన బట్టనే."

రుద్రంగి మీదుగా బస్సు సిరిసిల్లకు బయల్దేరింది. రోడ్డు కుదిపినప్పుడల్లా మూటలోంచి పసుపు గింజ ఒకటి జారేది. కిటికీ పక్కన కల్పన కళ్ళు మూసుకుని ఉంది. జలపతి మూటను తన ఒళ్ళోకి తీసుకుని, ఆ సందు ఎక్కడుందో తనకు తెలుసు కాబట్టి, సరిగ్గా దాని కిందే అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. సిరిసిల్లలో దిగేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.