చేతి గుర్తు

బస్సు తలుపు నూకరత్నం ముందు మూడోసారి మూసుకుంది. లోపల సీట్లు ఖాళీగానే ఉన్నాయి. తలుపు పక్కనున్న గాజుకన్ను ఆమెను ఎగాదిగా చూసి, "గుర్తింపు చెల్లదు, దయచేసి పక్కకు తప్పుకోండి," అంది. మర్యాదకేం, ఆ యంత్రాలకి కావలసినంత ఉంది. కిటికీ దగ్గర కూర్చున్న పెద్దావిడ మాత్రం ఇటు చూసి, పక్కనున్న మనవరాలి కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టింది.

కాకినాడలో ఆరేళ్ళు దాటిన ప్రతి మనిషి కంట్లోనూ కంటితెర ఉంటుంది. ఉల్లిపొర కన్నా పలుచన. దానికి జతగా చెవిలో ఒక పూస. ఇంటి తలుపు తెరవాలన్నా, బస్సెక్కాలన్నా, పిల్లలు పాఠం వినాలన్నా అదే ఆధారం. ఉత్తరాలు కూడా అందులోకే వస్తాయి, అక్షరాలుగా కాదు, పంపినవాళ్ళ ముఖంగా, గొంతుగా. వాటిని ముఖలేఖలంటారు. కళ్ళు మూసుకున్నా రెప్పల వెనక అవి కనిపిస్తూనే ఉంటాయి.

తెరలకి వైరస్‌లు సోకకుండా నెలకోసారి రక్షణ మండలి వాటికి ఒక సవరణ పంపేది. "సరే" అని పైకి అంటే చాలు, తెర దాన్ని పుచ్చుకునేది. ఆ కబురు చెప్పడానికి జనం నమ్మే ముఖం కావాలని మండలివాళ్ళు తమ ఉద్యోగులందరినీ పరీక్షించి, గుమాస్తా నూకరత్నాన్ని ఎంచుకున్నారు. చూడగానే పక్కింటి అక్కలా ఉంటుందట. నాలుగేళ్ళపాటు ఆమె జిల్లా మొత్తానికి అక్క.

ఆరు రోజుల కిందట అదే ముఖం, అదే గొంతు, "అత్యవసర రక్షణ సవరణ. వైరస్ ఊళ్ళోకి వచ్చేసింది. ఆలస్యం చెయ్యకుండా సరే అనండి," అని అందరి కళ్ళలోనూ చెప్పింది. దాన్ని పంపింది మండలి కాదు. వచ్చేసిందన్న వైరస్ ఆ ఉత్తరంలోనే ఉంది. నలభై వేల మంది సరే అన్నారు. తొమ్మిది గంటలు వాళ్ళ కళ్ళు చీకటైపోయాయి.

ఆ దొంగ ఉత్తరం పంపిందెవరో ఇప్పటికీ తెలియదు. మండలి మాత్రం ఆ సాయంత్రానికల్లా విరుగుడు కనిపెట్టి, నూకరత్నం ముఖాన్నీ గొంతునీ వడపోతలో వేసేసింది. ఇప్పుడు ఎవరు చూసినా ఆమె ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ, దాని మీద "నకిలీ" అని ఎర్రటి అక్షరాలు. ఆమె నోరు తెరిస్తే వాళ్ళ చెవుల్లో తుమ్మెద రొద. ఊరు మొత్తానికి బూడిద ముఖం ఒక్కటే కాబట్టి, అది ఎవరిదో అందరికీ తెలుసు.

అందుకే ఆమె మెడలో పలక వేలాడుతోంది. చేతిరాతని కూడా వడకట్టాలని మండలికి ఇంకా తోచలేదు.

మండలి ఆఫీసుకి నడిచే వెళ్ళాలి. దారిలో బుల్లియ్య పునుగుల బండి ఉంది. తప్పించుకుపోదామని రోడ్డు దాటబోయింది కానీ, అతను అప్పటికే చూశాడు. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టుతో ఉంది. ఆ రోజు కళ్ళు చీకటైనప్పుడు ఆ చెయ్యి మూకుడు మీద ఉంది.

"ఏవమ్మా, మళ్ళీ దేనికొచ్చావు? ఈ రెండో చెయ్యి కూడా నూనెలో పెట్టించడానికా?"

నూకరత్నం గబగబా పలక మీద రాసింది: అది నేను కాదు తమ్ముడూ.

"నువ్వు కాకపోతే ఇంకెవరు? మొహం నీదే, గొంతు నీదే. అక్క చెప్పింది కదా అని సరే అన్నాను."

ఆమె చెరిపి మళ్ళీ రాసింది: ముందు చెయ్యి పట్టుకుని అడగమన్నాను కదా.

అది నిజమే. ప్రతి నెలా సవరణ కబురు చివర ఆమె చేతి గుర్తు గురించి చెప్పేది. ఉత్తరంలో మనవాళ్ళ ముఖం వచ్చి ఏదైనా ఒప్పుకోమంటే తొందరపడొద్దు. ముందు ఆ మనిషి చెయ్యి పట్టుకుని 'నువ్వేనా' అని అడగండి. చెయ్యి నొక్కితేనే సరే అనండి. ఉత్తరానికి ముఖం ఉంటుంది, చెయ్యి ఉండదు. ఆ మాటలు కూర్చింది కూడా ఆమే. అప్పట్లో దానికి మండలివాళ్ళు శాలువా కప్పారు.

"చెయ్యి పట్టుకోవాలంట!" బుల్లియ్య చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగాడు. "ఈవిడేమో ఆఫీసులో ఏసీ కింద, నేనేమో ఇక్కడ పొయ్యి ముందు. ఎక్కణ్ణించి తెచ్చుకోనండీ ఈవిడ చెయ్యి?"

ఎవరో నవ్వారు. నూకరత్నం చేతిలో బలపం ఆగిపోయింది. బుల్లియ్య ఎడం చేత్తో గిన్నెలు కడిగిన నీళ్ళు తీసి ఆమె మీదకి విసిరాడు. "అక్కంట, అక్క!" అన్నాడు. పలక మీది అక్షరాలు కారిపోయాయి.

తడిచీరతోనే ఆమె సంజీవరావు ముందు నిలబడింది. సవరణల విభాగానికి అతనే అధికారి. ఆమె ముఖాన్ని ఎంచిందీ, ఇప్పుడు చెరిపిందీ అతనే. అతను ఆమె వైపు చూడకుండా, ఆమె వెనకున్న గోడతో మాట్లాడాడు.

"చూడండి నూకరత్నంగారూ, మీ ముఖాన్ని వదిలితే వాళ్ళ ఉత్తరాలనీ వదిలినట్టే. ఈ ఆరు రోజుల్లో ఒక్కటంటే ఒక్క దొంగ ఉత్తరం వడపోత దాటలేదు. పనిచేస్తున్నదాన్ని ఎలా ఆపమంటారు?"

మా పాప నా మొహం చూడడం లేదు, అని ఆమె రాసింది. ఏడేళ్ళ పిల్లండీ.

"మీవారు ఉన్నారు కదా ఇంట్లో."

నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది. పాప తెర తీసేయండి, అని రాసి పలక అతని బల్ల మీద విసిరినట్టు పెట్టింది.

"తీయించడానికి నలభై రోజుల వరస ఉందండి. పేరు రాయించుకోండి. ఆ తర్వాత బడి తలుపు తెరుచుకోదు, అది కూడా ఆలోచించుకోండి." ఇంకో ముక్క కూడా అన్నాడు. "త్యాగం అనుకోండి, ఊరి కోసం."

ఊరి కోసమట. ఊరు ఆమె మీద పోసిన నీళ్ళు ఇంకా ఆరలేదు.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమైంది. సొంత ఇంటి తలుపే ఆమెకి తెరుచుకోదు. తట్టి నిలబడితే భర్త సూరిబాబు వచ్చి తీశాడు. అతను పోర్టులో క్రేన్ నడుపుతాడు. తెర తీసేస్తే క్రేన్ అతన్ని ఎక్కనివ్వదు. అందుకని ఆరు రోజులుగా అతనికీ భార్య బూడిద మచ్చే.

"ఎందుకే ఊరి మీదకి పోతావు? డ్యూటీలో అందరూ నన్నే అడుగుతున్నారు. తలెత్తుకోలేకపోతున్నాను," అన్నాడు గొణుగుతూ. ఆమె చీర తడిసిందేమని అడగలేదు.

పుష్యమి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. తల్లిని చూసి ఒళ్ళు దగ్గరికి ముడుచుకుంది. అది అమ్మేనని నాన్న చెబుతూనే ఉన్నాడు. బూడిద ముఖం కనిపిస్తే దగ్గరికి పోవద్దని పాఠంలో టీచరు చెబుతూనే ఉంది. పోనీ రాసి చూపిద్దామంటే, అచ్చు అక్షరాలన్నీ తెరే చదివి వినిపించే కాలం పిల్ల, చేతిరాత చదవలేదు. చివరికి తనకు తానే ఒక దారి చూసుకుంది. తల్లి అన్నం కలుపుకుని వస్తే గట్టిగా కళ్ళు మూసుకుంటుంది. కళ్ళు మూసుకునే తింటుంది.

ఆ మూసుకున్న కళ్ళని చూసినప్పుడల్లా నూకరత్నం, నన్ను చూడలేక కదా అనుకునేది. ఆ రోజూ ముద్దపప్పు, నెయ్యి వేసి అన్నం కలిపింది. పుష్యమి కళ్ళు మూసుకుంది. ఒక ముద్ద, రెండు ముద్దలు. మూడో ముద్దకి పిల్ల పెదాల మీద చిన్న నవ్వు వచ్చింది. ఆరు రోజుల తర్వాత మొదటి నవ్వు. పిల్ల చెయ్యి చాచి, తడుముకుని, తల్లి ఎడంచెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నువ్వేనా?" అంది.

నూకరత్నం గుండె ఒక్కసారి పొంగింది. ఊళ్ళో ఒక్కరూ అడగని ప్రశ్న. అడిగేవాళ్ళే ఉంటే నొక్కడానికి తన చెయ్యి ఎప్పుడూ సిద్ధంగానే ఉంది. తను నేర్పిన గుర్తు తన బిడ్డకి పనికొచ్చింది. నేనే తల్లీ, నేనేనమ్మా అంటూ ఆ చిన్న చేతిని నొక్కింది, ఒకసారి కాదు, మూడుసార్లు.

"అయితే సరే," అంది పుష్యమి.

ఆ మాట చెవిన పడ్డాక నూకరత్నానికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి చేతిలో ముద్ద జారిపోయింది. పిల్ల కళ్ళు తెరిచి, అటూ ఇటూ తిప్పి, "అమ్మా, కరెంటు పోయిందా?" అని అడిగింది. కిటికీ నిండా ఎండ ఉంది.

"పుష్యమీ! ఎవరికి చెప్పావమ్మా సరే అని?" నూకరత్నం అరిచింది. పిల్ల ఉలిక్కిపడింది. తెరతోపాటు చెవిలో పూస కూడా చచ్చింది. పూసతోపాటు వడపోత కూడా. ఆరు రోజుల తర్వాత తల్లి గొంతు ఆ చెవుల్లో పడింది.

"నీకేగా! రోజూ పాఠాల పెట్టెలోకి వచ్చి సరే అనమంటున్నావుగా. మొహం కనపడుతుంది కదా అని అన్నం తినేటప్పుడు నిన్నే చూసేదాన్ని. నిన్ను అడక్కుండా సరే అనకూడదుగా, అందుకే ఇన్నాళ్ళూ అనలేదు. ఇవాళ అడిగాను. చెయ్యి నొక్కావు."

రెప్పల వెనక దొంగ ఉత్తరంలో అమ్మ ముఖం, నోటికి అందే అమ్మ చెయ్యి. రెంటినీ కలిపి పిల్ల తనకొక అమ్మని చేసుకుంది. పిల్లల తెరల్లో పాఠాలు వచ్చే పెట్టెకి వడపోత పెట్టాలని మండలిలో ఎవరికీ తోచలేదు.

సూరిబాబు కబురు పెడితే, గంట తిరక్కుండా సంజీవరావే వచ్చాడు. ఊళ్ళో ఇంకో పదకొండు మంది పిల్లలకి ఇలాగే అయిందట. పుష్యమి కళ్ళలోకి దీపం వేసి చూసి, లేచి సూరిబాబుతో మాత్రం చెప్పాడు. "ఇది పాత వైరస్ కాదండి. తెర కంటికి అంటుకుపోయింది. హైదరాబాదు తీసుకెళ్ళాలి. చూపు మాట ఇప్పుడే చెప్పలేను."

సూరిబాబు మూలనున్న సంచీ తీసి పాప బట్టలు కుక్కసాగాడు.

సంజీవరావు నివేదిక రాసుకోవడానికి పాప పక్కన కూర్చున్నాడు. "ఒప్పుకోమని నీకు ఎవరు చెప్పారమ్మా?"

"మా అమ్మ."

"అమ్మ కాదు తల్లీ. అమ్మ ముఖంతో వచ్చిన దొంగ ఉత్తరం. అలాగే రాసుకుంటాను." ఆ మాట అతను నూకరత్నం వైపు తిరిగి, మొదటిసారి కాస్త మెత్తగా అన్నాడు. ఆరు రోజులుగా ఆమె ఊరంతా పలక పట్టుకు తిరిగింది ఈ ఒక్క ముక్క కోసమే.

"కాదు," అంది నూకరత్నం. "చెప్పింది నేనే."

సంజీవరావు చెవి మీద చెయ్యి పెట్టుకుని ముఖం చిట్లించాడు. సూరిబాబుకీ రొదే వినిపించింది. పలక గుమ్మం దగ్గరే ఉంది. ఆమె దాని వైపు చూడలేదు.

"నేనేనండీ, నేనే నొక్కాను," అంది మళ్ళీ.

ఆ గదిలో వినపడింది ఒక్కరికే. పుష్యమి కనపడని కళ్ళు తల్లి గొంతు వచ్చిన వైపు తిప్పింది.

"అమ్మ చెబుతోంది కదండీ, తనేనంట," అంది సంజీవరావుతో. "రాసుకోండి."